సైకిలుకొక దేహళీదీపం

ఈ కాలపు పిల్లలకు చెబితే నమ్మరు గాని, చీకటి పడ్డాక సైకిలుకు దీపం లేకుండా వీధిలోకి రావడం నేరంగా చూసిన రోజులుండేవి. 1970వ దశకంలో, నేను ఉన్నత పాఠశాలలో చదువుకొనేటప్పుడు, మా ఊరి గడియారస్తంభం కూడలిలో సంధ్యవేళ దాటగానే ఒక కానిస్టేబులు ప్రత్యక్షమయ్యేవాడు. దీపం లేని సైకిలు చిక్కిందా, ముందు మందలింపు. ఆ తరువాత వాల్వు ట్యూబు ఊడబీకి చక్రంలోని గాలి తీసివేయడం. ఆ శిక్షకు జడిసి, కూడలికి వంద గజాల ముందే సైకిలు దిగి, ఏమీ ఎరగనట్టు నడిపించుకుంటూ దాటి, మలుపు తిరిగాక మళ్ళీ ఎక్కడం మా ఈడువారందరికీ కరతలామలకమైన విద్య. మా నాన్నగారి సైకిలుకు డైనమో ఉండేది. అది టైరుకు ఒరుసుకుంటూ చేసే గుర్రుమనే చప్పుడు వీధి మొగదల వినబడితే చాలు, మా అమ్మ వంటింట్లో పీట వాల్చేది. డైనమో కొనలేనివారు కిరసనాయిలు దీపం తగిలించుకొనేవారు. అదీ లేనివారు ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకొని సాముగరిడీ చేసేవారు. రాత్రిళ్ళు సంతకు బయలుదేరే ఎడ్లబండికి సైతం ఇరుసు కింద ఒక లాంతరు ఊగుతూ ఉండేది.

ఆనాడు మా ఊరిలో మోటారు వాహనాలెన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆఖరి బస్సు వెళ్ళిపోయాక రోడ్డు మీద మిగిలేవి రిక్షాలు, సైకిళ్ళు, గడ్డిబళ్ళు. ఒకదానికొకటి తగిలినా మోకాలు చెక్కుకుపోవడం, ముంజేయి గీరుకుపోవడం తప్ప ప్రాణభయం అరుదు. అయినా దీపం తప్పనిసరి. నేడో? మా హైదరాబాదు వీధులలో రాత్రి పదకొండు గంటలకు కూడా కార్లు, మోటారు సైకిళ్ళు, టిప్పరు లారీలు ప్రవాహంలా సాగిపోతూ ఉంటాయి. వాటి మధ్య ఒక నల్లని సైకిలు, దాని మీద ముదురురంగు చొక్కా తొడుక్కున్న మనిషి, ఒక్క మిణుగురంత వెలుగైనా లేకుండా పోతూ ఉంటాడు. దీపం ఏదని అడిగే నాథుడు లేడు. అవసరం స్వల్పంగా ఉన్నప్పుడు నియమం ఉన్నది; ప్రాణావసరమైనప్పుడు నియమం అటకెక్కింది. ఈ వైపరీత్యాన్ని గురించి నా మనసులోని మాట నలుగురితో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇప్పటికి కుదిరింది.

గత కార్తిక పౌర్ణమి నాటి రాత్రి జరిగిన ఒక సంఘటన నన్ను ఇందుకు పురికొల్పింది. గుడిలో 365 వత్తుల దీపం వెలిగించుకొని, నా శ్రీమతి, నేను మా మేనల్లుడి కారులో ఇంటికి వస్తున్నాము. నారాయణగూడ దాటి చిక్కడపల్లి వైపు వచ్చే దారి చూసినవారికి తెలుస్తుంది. పైన మెట్రో రైలు వంతెన, నడుమ వరుసగా స్తంభాలు. వీధిదీపాల వెలుగు ఆ వంతెన అడ్డుపడి ముక్కలుముక్కలుగా నేల మీద పడుతుంది. ఒక వెలుగు మడుగు, ఒక నీడ మడుగు, మళ్ళీ వెలుగు, మళ్ళీ నీడ. అటువంటి ఒక నీడలోంచి హఠాత్తుగా ఒక సైకిలు మా కారు ముందు మొలిచింది. నిజానికి అది మొలవలేదు, అంతసేపూ మా ముందే పోతున్నది. మాకు కనబడలేదు, అంతే. మావాడు బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. కారు ముందుభాగం సైకిలు వెనుక చక్రాన్ని ముద్దాడి ఆగింది. మనిషికి దెబ్బ తగలలేదు. క్యారియరు మీది గోనెసంచి జారి, అందులోని ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లాయి.

మావాడు గుండె చిక్కబట్టుకొని దిగి, భయం కోపంగా మారగా, "చీకట్లో కనబడవేంటయ్యా! దీపం పెట్టుకోవద్దా?" అని కేకలు వేశాడు. ఉల్లిపాయలు ఏరుకుంటున్న ఆ నడివయసు మనిషి తలెత్తి, ఎటువంటి కోపమూ లేకుండా, నిజంగా ఆశ్చర్యపోతూ అన్నాడు: "నాకైతే మీరు మంచిగనే కనబడ్డరు గద సార్!"

ఆ మాట నాకు ఆ రాత్రి నిద్రపట్టనివ్వలేదు. ఈ సమస్య సర్వస్వమూ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నదని నాకు తోచింది.

రాత్రివేళ వెనుకనుంచి వచ్చే కారు సైకిలు తొక్కేవాడికి మహాద్భుతంగా కనబడుతుంది. దాని రెండు కళ్ళు వీధినంతా పట్టపగలు చేస్తాయి. తన నీడ తన ముందే పొడుగ్గా పరుచుకుంటుంది. అంత వెలుతురులో తాను మునిగి ఉన్నప్పుడు ఎదుటివాడికి తాను కనబడడం లేదని ఊహించడం మానవమాత్రుడికి కష్టం. నేను చూస్తున్నాను గనుక నన్నూ చూస్తున్నారని అనుకోవడం మన సహజప్రకృతి. పసిపిల్లలు కళ్ళు మూసుకొని, తాము ఎవరికీ కనబడడం లేదనుకుంటారే, దానికి ఇది తలకిందులైన రూపం.

ఈ భ్రమను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు ప్రయోగపూర్వకంగా పరీక్షించి చూశారు. మూసివేసిన రోడ్డు మీద రాత్రిపూట కారు నడిపించి, సైకిలు మీది మనిషిని డ్రైవరు గుర్తించగలిగాడా లేదా అని లెక్కపెట్టారు. నల్లని దుస్తులు వేసుకున్నప్పుడు నూటికి రెండుసార్లే గుర్తించగలిగారట. పగలు కళ్ళు జిగేలుమనిపించే ప్రకాశవర్ణపు చొక్కా వేసినప్పుడు నూటికి 15 సార్లు మాత్రమే. ఇందులో వింత లేదు. ఆ రంగుల మెరుపు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల చలవ. రాత్రి ఆ కిరణాలు లేవు గనుక ఆ చొక్కా మామూలు చొక్కాయే. వెలుగును తిప్పికొట్టే పట్టీలున్న చొక్కాతో 50 సార్లు, దానికి తోడు మోకాళ్ళకూ చీలమండలకూ అటువంటి పట్టీలు కట్టుకుంటే 90 సార్లు గుర్తించారు. కాళ్ళు పైకీ కిందికీ కదులుతుంటే, అది రాయి కాదు, గుంజ కాదు, ప్రాణమున్న మనిషి అని చూసేవాడి మెదడు క్షణంలో గ్రహిస్తుంది. మరో సంగతి కూడా వారు పట్టుకున్నారు. సైకిలు తొక్కేవారు తాము ఎంతదూరం నుంచి కనబడతామని అనుకుంటున్నారో, వాస్తవానికి అంత దూరం నుంచి కనబడడం లేదు. ఉల్లిపాయల మనిషి మాటకు ఇంతకంటె వ్యాఖ్యానం ఏముంటుంది?

ఇక్కడ లెక్కల మాస్టారి అవతారం ఎత్తక తప్పదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి, గ్రహించి, కాలు బ్రేకు మీదికి చేర్చేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం. అప్పటికే 21 మీటర్లు అయిపోయాయి. పొడిరోడ్డు మీద బ్రేకు పట్టి కారు నిలవడానికి మరో 14 మీటర్లు వేసుకోండి. మొత్తం 35. మామూలుగా కిందికి వంచి ఉంచిన హెడ్‌లైటు వెలుతురులో ముదురు దుస్తుల మనిషి కంటికి ఆనేది కూడా ఇంచుమించు ఆ దూరంలోనే. అంటే చూడడమూ ఆగడమూ మధ్య మిగిలే వ్యవధి ఏమీ లేదు. ఎదుటినుంచి ఏ మహానుభావుడో హెడ్‌లైటు ఎత్తిపెట్టి వచ్చాడా, ఆ వ్యవధి ఋణాత్మకమే. దానికి తోడు నావంటి వయసువారి కళ్ళు. అరవై దాటిన కంటిలో నల్లపాప చిన్నదై, కటకం మసకబారి, ఇరవై ఏళ్ళవాడి నేత్రపటలానికి చేరే వెలుతురులో సుమారు మూడో వంతే లోపలికి చేరుతుందని నేత్రవైద్యులు చెబుతారు. అటువంటి కళ్ళతో కారు నడిపేవారు ఈ నగరంలో లక్షల్లో ఉంటారు. అదే సైకిలు వెనుక ఒక చిన్న ఎర్రదీపం ఉంటే? రెండు వందల మీటర్ల దూరం నుంచే తెలిసిపోతుంది. అంటే మరో పన్నెండు పదమూడు సెకన్ల ఆయువు. అంత సమయంలో ఎంత మందబుద్ధి డ్రైవరైనా ఏదో ఒకటి చేయగలడు.

మన శాస్త్రకారులు లౌకికన్యాయాలని కొన్ని చెబుతారు. అందులో దేహళీదీప న్యాయం ఒకటి. దేహళి అంటే గడప. గడప మీద పెట్టిన దీపం ఇంటి లోపలికీ వెలుగునిస్తుంది, బయటికీ వెలుగునిస్తుంది. ఒక పదం అటు వాక్యానికీ ఇటు వాక్యానికీ అన్వయించినప్పుడు వ్యాఖ్యాతలు ఈ న్యాయాన్ని చెబుతారు. సైకిలు ముందుదీపం సరిగ్గా ఇటువంటిది. తొక్కేవాడికి గుంతను చూపిస్తుంది. ఎదుటివాడికి తొక్కేవాణ్ణి చూపిస్తుంది. మనవాళ్ళు మొదటి ప్రయోజనాన్నే ప్రయోజనమనుకుంటారు. "వీధిదీపాలున్నాయిగా, నాకు దారి కనబడుతూనే ఉంది, ఇంకా దీపమెందుకు?" అంటారు. నగరంలో దీపం దారి చూడడానికి కాదు, దారిలో ఉన్నానని చెప్పడానికి. వెనుక ఎర్రదీపానికైతే ఈ రెండో ప్రయోజనం తప్ప మరొకటి లేనే లేదు. తనకు తాను ఎన్నడూ చూసుకోని దీపాన్ని మనిషి పూర్తిగా ఇతరుల కన్నుల కోసం వెలిగించుకుంటాడు.

"సైకిలుకు వెనుక ఎర్రబిళ్ళ ఉందిగా, అది చాలదా?" అని కొందరి ప్రశ్న. చాలదు. ప్రమాణాలను గురించిన చర్చలో న్యాయశాస్త్రం దీపాన్ని దృష్టాంతంగా తెస్తుంది. కుండను చూడడానికి దీపం కావాలి, దీపాన్ని చూడడానికి మరో దీపం అక్కరలేదు. దీపం స్వయంప్రకాశం, ఎర్రబిళ్ళ పరప్రకాశం, చంద్రుడివంటిది. దాని మీద ఒకరి హెడ్‌లైటు సూటిగా పడితేనే అది మెరుస్తుంది, అదీ ఆ వెలుగు వచ్చిన వైపుకే. సందులోంచి అడ్డంగా దూసుకువచ్చే ఆటో వెలుగు ఇంకా నీ మీద పడలేదనుకో, నీ బిళ్ళ ఆటోవాడికి లేనట్టే. దుమ్ముపట్టినా, మడ్‌గార్డు వంగి బిళ్ళ ఆకాశం వైపు తిరిగినా అంతే సంగతులు. అయినా బిళ్ళలను నేను తీసిపారేయను. 2020లో కేంద్ర వాణిజ్య పరిశ్రమల శాఖ వారు సైకిళ్ళకు బిగించే ఈ ప్రతిఫలకాల నాణ్యతను నియంత్రిస్తూ ఉత్తర్వు తేవడం మంచి పనే. పెడళ్ళకుండే పసుపు బిళ్ళలు కాలితో పాటు కిందికీ పైకీ ఆడతాయి గనుక, పైన చెప్పిన ప్రయోగం ప్రకారం చూస్తే, అవి చాలా విలువైనవి. కాని గుంపులో చంద్రుడు ఉన్నాడని దీపం మానేయము గదా!

పాతకాలపు డైనమోకు ఒక పెద్ద లోపముండేది. ఆరు వోల్టులు, మూడు వాట్లు దాని శక్తి. అది తిరిగితేనే వెలుగు. తొక్కడం ఆపి కూడలిలో నిలబడగానే, అంటే ఎక్కడైతే నాలుగు వైపుల నుంచీ బళ్ళు మీదపడతాయో సరిగ్గా అక్కడే, దీపం ఆరిపోయేది. ఎగువకు ఎక్కేటప్పుడు వేగం తగ్గి గుడ్డిదీపమయ్యేది. పైగా టైరుకు ఒరుసుకొని కాళ్ళకు బరువు. ఈ దోషాలన్నింటినీ ఎల్ఈడీ దీపం తీర్చింది. తెల్లని ఎల్ఈడీకి మూలమైన నీలి ఎల్ఈడీని సాధించినందుకు జపానులో పుట్టిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతికి తగిన పనే అది. ఒకనాడు మూడు వాట్లు మింగి మిణుకుమిణుకుమన్న దీపం కంటె, నేడు బొటనవేలంత దీపం మెరుగు. బజారులో రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది.

పగలు కూడా దీపం మేలేనా అంటే, మేలేనని డెన్మార్కు వారి అనుభవం. ఆ దేశంలోని ఓడెన్సె నగరంలో 2004-05 ప్రాంతంలో 3,845 మందితో ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొందరి సైకిళ్ళకు చక్రం తిరిగినంతసేపూ అయస్కాంతబలంతో తమంతతామే వెలిగే దీపాలు బిగించారు. మిగిలినవారు మామూలుగా తిరిగారు. దీపం ఎల్లవేళలా వెలిగినవారికి గాయాలతో కూడిన ప్రమాదాలు 19 శాతం తక్కువని తేలింది. మన దేశంలోనూ ఈ సూత్రం తెలియనిది కాదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్ళు, స్కూటర్లన్నిటికీ ఇంజను వేయగానే ముందుదీపం వెలగాలని నిబంధన పెట్టారు. మిట్టమధ్యాహ్నం మోటారు సైకిలుకు దీపం కావాలి. అమావాస్య అర్ధరాత్రి తొక్కుడు సైకిలుకు మాత్రం ఎవరూ అడగరు! 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెప్పిన నిర్వచనంలోకి తొక్కుడు సైకిలు రాదు. అందుచేత జరిమానా లేదు సరే, దానితో పాటు ఆలోచన కూడా లేకుండా పోయింది.

ఇక నాలోని పూర్వపక్షాన్ని కూడా దాచకుండా చెప్పాలి. చాలా ఏళ్ళు నేనే సైకిలుకు దీపం పెట్టుకోలేదు. అది బద్ధకం కాదు, పంతం. నా వాదన ఇలా ఉండేది: రోడ్డు మీద ప్రమాదం తెచ్చేది టన్ను బరువున్న యంత్రం. జాగ్రత్త దానిని నడిపేవాడి ధర్మం. నేను పదిహేను కిలోల సైకిలు మీద ఎవరికీ హాని చేయకుండా పోతున్నాను. పులి తిరిగే అడవిలో లేడి మెడలో గంట కట్టుకోమని చెప్పడం ఏమి న్యాయం? రేపు నన్ను గుద్ది, "అతనికి దీపం లేదు" అని తప్పించుకోవడానికి నేనే సాకు అందించడమవుతుంది గదా!

ఈ వాదంలో సత్యం లేకపోలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక. అందులో సైకిలు వారు నాలుగు వేలకు పైమాటే. వీరందరూ దీపం లేకనే పోయారని ఎవరైనా అంటే అది అన్యాయం. అతివేగం, తాగి నడపడం, సైకిలుకు చోటే లేకుండా వేసిన రోడ్లు, వీటి పాపాన్ని ఎర్రదీపం కడిగివేయలేదు. దీపం వెలుగుతుండగా గుద్దినవారూ ఉంటారు. కాని నా వాదంలోని హేత్వాభాసం ఆ కార్తిక పౌర్ణమి రాత్రి నాకు తెలిసివచ్చింది. మా మేనల్లుడు దుర్మార్గుడు కాడు, తాగలేదు, వేగంగా పోవడం లేదు. చూడదలచుకున్నవాడే, చూడలేకపోయాడు. దీపం దుష్టుణ్ణి ఆపదు. మంచివాడి చేతుల్లో హత్య జరగకుండా ఆపుతుంది. ధర్మం ఎవరిదన్న తగవు తేల్చుకోవడానికి ముందు మనిషి బతికి ఉండాలి. ఆ మరుసటి ఆదివారమే నా పంతాన్ని గట్టున పెట్టి, కోఠీకి వెళ్ళి రెండు జతల దీపాలు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కు.

వాచ్‌మన్ రోజూ రాత్రి పది దాటాక, అంబరుపేటలో ఉన్న కూతురి ఇంటికి అన్నం క్యారేజీ పట్టుకొని సైకిలు మీద పోయివస్తాడు. దీపాలు ఇచ్చినప్పుడు చాలా సంతోషించాడు. వారం తరువాత చూస్తే సైకిలుకు లేవు. ఏమయ్యాయయ్యా అంటే, మెల్లగా చెప్పాడు. రబ్బరు పట్టీతో తగిలించే దీపం. దుకాణం ముందు సైకిలు పెట్టి బీడీకట్ట కొనుక్కొనేలోగా ఎవడైనా ఊడబీక్కుపోతాడని భయపడి జేబులో వేసుకున్నాడు. ఛార్జింగు పెట్టుకోవడానికి అతని గదిలో ఉన్నది ఒకటే ప్లగ్గు, దానికి ఫ్యాను. ముందుదీపాన్ని మోటారు గదిలోకి వెళ్ళేటప్పుడు టార్చిలైటుగా వాడుకుంటున్నాడు. "పెట్టుకుంటే మంచిదే పంతులు సార్, గని అది నా సైకిలు కంటె షోకుగుంది" అన్నాడు.

నాకు బుద్ధి వచ్చింది. పుస్తకం చూసి వైద్యం చేయరాదు. అతణ్ణి వెంటబెట్టుకొని మా సందు చివరి సైకిలు రిపేరు దుకాణానికి వెళ్ళాను. ఆ దుకాణదారు అయిదు నిమిషాలు ఆలోచించి, బజారులో దొరికే మామూలు పెన్సిలు బ్యాటరీల ఎర్రదీపం ఒకటి తెప్పించి, క్యారియరు కింద రెండు బోల్టులతో ఊడరాకుండా బిగించాడు. ఛార్జింగు గొడవ లేదు. బ్యాటరీలు కిరాణాకొట్లో దొరుకుతాయి. క్యారియరు మీద సంచి పెట్టినా దీపానికి అడ్డురాదు. ఈ సంగతి ముఖ్యం: సీటు కింద తగిలించే దీపాన్ని మనవాళ్ళ క్యారియరు మీది సంచులు, పాలక్యానులు, గోనెలు కప్పివేస్తాయి. పరాయి దేశపు సైకిలుకు రూపొందించిన దీపం మన సైకిలుకు యథాతథంగా ఒప్పదు.

దీపాలు పెట్టుకొనే వారికి కూడా రెండు మాటలు. ముందు తెలుపు, వెనుక ఎరుపు. ఈ కట్టుబాటు మీరరాదు. నీవు వస్తున్నావో పోతున్నావో ఎదుటివాడికి చెప్పే భాష అది. అలంకారంగా ముందు ఎర్రదీపం పెట్టుకోవడం 'రాముడు వచ్చెను' అనవలసినచోట 'రాముడు పోయెను' అనడం వంటిది. ముందుదీపాన్ని నేల వైపు వంచండి. ఎదుటివాడి కళ్ళలోకి కొట్టే దీపం అతణ్ణి గుడ్డివాణ్ణి చేస్తుంది, గుడ్డివాడయ్యాక అతడు ముందు గుద్దేది నిన్నే. ఇక దీపం నిలకడగా వెలగాలా, మిణుకుమనాలా? దీని మీద దేశదేశాలకూ అభిప్రాయభేదముంది. జర్మనీలో మిణుకుదీపం నిషిద్ధం. బ్రిటనులో 2005 నుంచి అనుమతించారు. మిణుకు చూపును త్వరగా లాగుతుంది. నిలకడ దీపం దూరాన్ని అంచనా వేయనిస్తుంది. నా మటుకు నాకు, పగలైతే మిణుకు, రాత్రి నిలకడ సమ్మతం. మన వీధుల్లో పెళ్ళి ఊరేగింపు నుంచి పానీపూరీ బండి దాకా మిణుకుమనని వస్తువు లేదు. ఆ సందడిలో నిశ్చలంగా వెలిగే ఎర్రచుక్కే ఎక్కువ అర్థవంతం.

చివరగా నా ప్రతిపాదన. 2023 అక్టోబరులో మన నగరపు బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల కప్పుతో, సైకిలు దారి ఒకటి ప్రారంభించారు. చూడముచ్చటైన దారి. దాని మీద తొక్కేవారికి శిరస్త్రాణం, మిలమిలలాడే చొక్కా, ముందొక దీపం, వెనుక రెండు దీపాలు ఉంటాయి. సంతోషమే. కాని చిక్కడపల్లి వంతెన నీడలో ఉల్లిపాయల సంచితో పోయేవాడు వ్యాయామం కోసం తొక్కడం లేదు. బస్సు దొరకని వేళ, ఆటోకు డబ్బు లేక తొక్కుతున్నాడు. దీపం అవసరం ఎవరికి ఎక్కువో వారి దగ్గరే లేదు. కనుక గంట, బ్రేకు ఎలా సైకిలులో భాగంగా వస్తాయో వెనుకదీపం కూడా అలా దుకాణంలోనే బిగించి అమ్మాలి. దీపమనేది విడిగా కొనుక్కొనే షోకు వస్తువుగా ఉన్నంతకాలం బీదవాడు దానిని కొనడు. కొన్నేళ్ళ క్రితం ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరిట బాలికలకు సైకిళ్ళు పంచారు. ముందుముందు ఏ ప్రభుత్వం ఆ సత్కార్యం చేసినా, శీతాకాలపు సాయంత్రం ప్రత్యేక తరగతులు ముగించుకొని ఇంటికి వెళ్ళే పిల్లను తలచుకొని, ప్రతి సైకిలుకూ ఒక బిగింపు దీపం చేర్చి ఇవ్వాలి. సైకిలు ఖరీదులో అది ఏ పాటి? పోలీసులు మళ్ళీ వాల్వు ట్యూబులు ఊడబీకాలని నేను కోరను. గాలి తీసిన చేత్తో దీపం తగిలిస్తే చాలు.

చట్టాలు వచ్చేదాకా మనం ఆగనక్కరలేదు. మన ఇంటికి పాలు తెచ్చేవాడు, పేపరు వేసే కుర్రవాడు, రాత్రి కాపలావాడు, వీరిలో సైకిలున్న ఒకరికి ఒక దీపం బిగించి ఇవ్వండి. చేతికి ఇవ్వడం కాదు, బిగించి ఇవ్వండి. కార్తికంలో మనం వెలిగించే 365 వత్తుల ఫలం దానివల్ల తగ్గదని ఒక తెలుగు పండితుడిగా పూచీ పడుతున్నాను.

నిన్న రాత్రి పదిన్నరకు వరండాలో నిలబడి ఉండగా వాచ్‌మన్ గేటు దాటి బయలుదేరాడు. మనిషి, సైకిలు, క్యారేజీ అన్నీ మా వేపచెట్టు చీకట్లో కలిసిపోయాయి. ఎర్రచుక్క మాత్రం సందు చివరిదాకా, అక్కడ మలుపు తిరిగేదాకా, స్పష్టంగా కనబడుతూనే ఉన్నది. వెనుకనుంచి వచ్చిన కారొకటి దానిని చూసి, కాస్త కుడికి జరిగి, నెమ్మదిగా దాటిపోయింది.

మీ ఊళ్ళలో రాత్రి సైకిళ్ళ సంగతి ఎలా ఉన్నదో, డైనమో కాలపు జ్ఞాపకాలు ఎవరికైనా ఉంటే అవీ, తప్పక తెలియజేయండి.